వెలుగును మలచిన మువ్వురు

ఉన్నత పాఠశాలలో కాంతి పాఠం చదివిన ప్రతి విద్యార్థికీ నాలుగు మాటలు తెలిసియుంటాయి. కాంతి ఋజుమార్గంలో ప్రయాణిస్తుంది. నునుపైన అద్దం మీద పడినప్పుడు, ఏ కోణంతో పడినదో అదే కోణంతో పరావర్తనం చెందుతుంది. గరుకైన తలం మీద పడినప్పుడు నలుదిక్కులకూ చెదరిపోతుంది. దీపానికి దూరమైనకొద్దీ వెలుతురు, ఆ దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గిపోతుంది. పరీక్షలు ముగియగానే ఈ మాటలు చాలమందికి మరపున పడిపోతాయి. అయితే ఈ నాలుగు మాటలనే జీవితాంతం అన్నం పెట్టిన విద్యగా చేసికొన్నవారు కొందరున్నారు. వారు సినిమా ఛాయాగ్రాహకులు.

చలనచిత్రం చూచి వచ్చినవారు నటీనటులను గురించి మాట్లాడుకొంటారు. పాటలను తలచుకొంటారు. తెరమీద ఛాయాగ్రాహకుని పేరు కనిపించేది రెండు మూడు క్షణాలు మాత్రమే. కాని తెరమీద కనిపించేదంతా వెలుగు నీడలే గదా! ఆ వెలుగు ఎక్కడనుండి రావలెను, ఎంత రావలెను, ఏ నీడ ఉండవలెను, ఏ నీడ ఉండరాదు అని నిర్ణయించేవాడు అతడే.

మన దేశంలో 1956 నుండి 1959 వరకు గల కొద్దికాలంలో మువ్వురు ఛాయాగ్రాహకులు మూడు వేరువేరు చిక్కులను ఎదుర్కొన్నారు. ఒకరు లేని వెన్నెలను చూపవలసి వచ్చినది. ఒకరు పైకప్పు క్రింద ఆకాశాన్ని సృష్టించవలసి వచ్చినది. మరియొకరు సూర్యకిరణాన్ని స్టూడియోలోనికి నడిపించవలసి వచ్చినది. మార్కస్ బార్ట్లీ (1917–1993), సుబ్రత మిత్రా (1930–2001), వి. కె. మూర్తి (1923–2014) అనే ఆ మువ్వురి కృషిని పరిశీలిస్తే, పాఠ్యపుస్తకంలోని కాంతి నియమాలు కళగా ఎట్లా మారుతాయో తెలియగలదు.

ఫిలిం చూపు, కంటి చూపు

ముందుగా ఒక విషయం తెలిసికొనవలెను. మన కన్ను చూచినట్లు ఫిలిం చూడదు. ఆ కాలపు ఫిలిం మీద జెలటిన్‌లో కలిపిన రజత లవణాల పూత ఉండేది. కాంతి సోకిన చోట ఆ లవణాలలో మార్పు కలిగి, రసాయనాలలో కడిగినప్పుడు అక్కడ నల్లని వెండి రేణువులు ఏర్పడతాయి. ఇది నెగెటివు. దీని నుండి తీసిన ప్రతిలో వెలుగు నీడలు మరల తారుమారై యథాస్థితికి వస్తాయి.

చలనచిత్రపు కెమెరాలో క్షణానికి, అనగా సెకనుకు, 24 చిత్రాలు తీయబడతాయి. ఒక చిత్రం తీసి, రెండవ దానికోసం ఫిలిం ముందుకు జరిగేటప్పుడు కెమెరా మూత కాంతిని అడ్డగిస్తుంది. అందుచేత ఒక్కొక్క చిత్రానికి కాంతి తగిలేది సుమారు సెకనులో యాభయ్యవ వంతు కాలం మాత్రమే. నిశ్చల చిత్రం తీసేవాడు వెలుతురు చాలకపోతే ఎక్కువసేపు మూత తెరచి ఉంచవచ్చును. సినిమా తీసేవానికి ఆ అవకాశం లేదు. ఆ స్వల్పకాలంలోనే తగినంత వెలుగు ఫిలిం మీద పడి తీరవలెను.

కంటికి మరియొక సౌకర్యం కలదు. ఎండలో నుండి ఇంటిలోనికి వచ్చినప్పుడు మొదట ఏమీ కనిపించదు. కొన్ని నిమిషాలకు అన్నీ కనిపిస్తాయి. కన్ను తనను తాను సర్దుకొంటుంది. ఫిలిం అట్లా సర్దుకొనలేదు. ఎండ తగిలిన గోడకు సరిపోయేటట్లు తీస్తే నీడలోని ముఖం నల్లబడుతుంది; ముఖానికి సరిపోయేటట్లు తీస్తే గోడ తెల్లగా పాలిపోతుంది. కన్ను చూచినదానిని ఫిలిం చేత ఒప్పించడమే ఛాయాగ్రాహకుని విద్య.

లేని వెన్నెల

మార్కస్ బార్ట్లీ ఆంగ్లో–ఇండియన్ కుటుంబంలో జన్మించినారు. మొదట పత్రికా ఛాయాచిత్రకారుడుగాను, తరువాత వార్తా చిత్రాల కెమెరామన్‌గాను పనిచేసినారు. వార్తా చిత్రాలు తీసేవాడు ఉన్న వెలుతురులోనే పని సాధించుకోవలెను. ఆ అభ్యాసం ఆయనకు తరువాత ఎంతగానో ఉపకరించినది. 1945లో వచ్చిన ‘స్వర్గసీమ’తో తెలుగు చిత్రసీమలో ప్రవేశించి, విజయా సంస్థవారి ‘పాతాళభైరవి’ (1951), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957) చిత్రాలకు ఛాయాగ్రహణం నిర్వహించినారు.

కె. వి. రెడ్డిగారి దర్శకత్వంలో 1957 మార్చి 27న విడుదలైన ‘మాయాబజార్’ను చూడని తెలుగువారు అరుదు. అందులో అభిమన్యుడూ శశిరేఖా వెన్నెలలో పడవమీద విహరించే పాట ఒకటున్నది. దానిని కొంతవరకు మద్రాసు సమీపంలోని ఎన్నూరు వద్ద నీటి మీదను, మిగిలిన భాగం స్టూడియోలోను తీసినారు. ఆ నీటి తళతళలు చూచినవారు నిజమైన పున్నమి రాత్రి తీసినారనుకొంటారు. కాని నిజమైన వెన్నెలలో ఆనాడు సినిమా తీయడం అసాధ్యం. ఎందుచేతనో లెక్కవేసి చూడవచ్చును.

మధ్యాహ్నపు ఎండలో ఒక తలం మీద పడే వెలుతురు సుమారు లక్ష లక్సులు. నిండు పున్నమి వెన్నెల లక్సులో నాల్గవ వంతుకు మించదు. అనగా ఎండ వెన్నెలకన్న సుమారు నాలుగు లక్షల రెట్లు ఎక్కువ. ఎండలో సెకనులో యాభయ్యవ వంతు కాలంలో తీయగలిగిన చిత్రాన్ని, అదే కెమెరాతో, అదే రంధ్రపు పరిమాణంతో వెన్నెలలో తీయవలెనంటే 8000 సెకన్లు, అంటే రెండు గంటలకు పైగా కావలెను. సెకనుకు 24 చిత్రాలు తీయవలసినవానికి ఒక్క చిత్రానికే రెండు గంటలు!

ఇక్కడ ఒక వింత గమనించదగి ఉన్నది. నిజంగా అంతసేపూ మూత తెరచి ఉంచి వెన్నెలలో నిశ్చల చిత్రం తీస్తే, అది పగలు తీసినట్లే ఉంటుంది! సూర్యబింబమూ చంద్రబింబమూ మన కంటికి ఇంచుమించు ఒకే పరిమాణంలో, సుమారు అర డిగ్రీ వెడల్పుతో కనిపిస్తాయి. కాబట్టి రెండింటి వల్ల ఏర్పడే నీడల అంచులు ఒకే విధంగా ఉంటాయి. వెన్నెల అనేది సూర్యకాంతియే; చంద్రునిపై పడి, అందులో స్వల్పభాగం మనవైపు తిరిగినది. అయితే ఎండకూ వెన్నెలకూ మనకు తోచే భేదం ఎక్కడున్నది? చాలవరకు మన కంటిలోనే ఉన్నది.

కంటి లోపలి పొరలో రెండు రకాల కణాలు కలవు. శంకు కణాలు రంగులను గుర్తిస్తాయి. వీటికి వెలుతురు బాగా కావలెను. దండ కణాలు మసక వెలుతురులో కూడ పనిచేస్తాయి. కాని రంగులను గుర్తించలేవు. వెన్నెలలో చూపు చాలవరకు దండ కణాలపై ఆధారపడుతుంది. అందుచేతనే పగలు ఎఱ్ఱగా ఉన్న మందారం వెన్నెలలో నల్లగాను, ఆకులు బూడిదరంగుగాను కనిపిస్తాయి. నీడలలోని వివరాలు కనిపించవు. మెరిసేవి మాత్రం మెరుస్తాయి.

కనుక వెన్నెలను చూపవలెనంటే చంద్రుడు అక్కరలేదు. వెన్నెలలో మన కన్ను ఎట్లా చూస్తుందో తెలిస్తే చాలును. పగటిని రాత్రిగా మార్చే పద్ధతి ఛాయాగ్రాహకులకు ఈ సూత్రం మీదనే ఏర్పడినది. సూర్యుని కెమెరాకు ఎదుటి వైపున ఉంచుకొంటారు. అప్పుడు మనుష్యుల అంచులూ నీటి అలలూ తళుక్కుమంటాయి. ముందు భాగం నీడలో ఉంటుంది. కెమెరాలోనికి కావలసినదానికన్న తక్కువ వెలుగు పోనిస్తారు. నీడలు పూర్తిగా నల్లబడతాయి. అలల మెరుపులు మాత్రమే మిగులుతాయి. ఇక ఆకాశం. పగటి ఆకాశం తెల్లగా వచ్చినచో రాత్రి అనే భ్రమ చెడిపోతుంది. ఆకాశపు నీలిరంగు, గాలిలోని అణువులు సూర్యకాంతిలోని నీలికిరణాలను ఎక్కువగా చెదరగొట్టడం వల్ల కలుగుతున్నది. కటకం ముందు ఎఱ్ఱని గాజుపలక నుంచితే అది నీలికిరణాలను మ్రింగివేస్తుంది, ఆకాశం చీకటిపడుతుంది. పాఠశాలలో వేరువేరుగా చదివే మూడు విషయాలు — కాంతి చెదరడం, రంగుగాజు కాంతిని శోషించడం, కంటి నిర్మాణం — ఒక్క వెన్నెల దృశ్యంలో కలిసి వస్తాయి.

అదే చిత్రంలో ద్వారకానగరం కనిపిస్తుంది. అది కళాదర్శకులు గోఖలే, కళాధర్‌ల పర్యవేక్షణలో సుమారు 50 అడుగులు, 60 అడుగుల స్థలంలో చిన్న చిన్న ఇండ్లతో ఏర్పరచిన నమూనా. చిన్న నమూనాను పెద్ద నగరంగా చూపేటప్పుడు దగ్గరివీ దూరానివీ అన్నీ స్పష్టంగా ఉండవలెను. దానికి కెమెరా రంధ్రం చిన్నది చేయవలెను. రంధ్రం చిన్నదైనచో వెలుతురు ఎక్కువ కావలెను. నమూనాలో కదలికలున్నచో మరియొక చిక్కు. నిజమైన మేడమీద 16 అడుగుల ఎత్తునుండి పడిన రాయి నేలను చేరడానికి ఒక సెకను పడుతుంది. పదహారవ వంతు నమూనాలో ఆ ఎత్తు ఒక్క అడుగే. రాయి పావు సెకనులో పడిపోతుంది. చూచేవాడు ఇది బొమ్మయిల్లని వెంటనే కనిపెడతాడు. కనుక అటువంటి దృశ్యాలను నాలుగు రెట్లు వేగంగా చిత్రించి, మామూలు వేగంతో చూపుతారు. గలిలియో కనుగొన్న పతన సూత్రం ఇట్లా చిత్రపరిశ్రమకు ఉపకరించినది.

ఘటోత్కచుని మాయలు చూపడానికి ఆనాడు కంప్యూటర్లు లేవు. కెమెరాను ఒక క్షణం ఆపి వస్తువును మార్చడం, ఒకే ఫిలిం మీద రెండుసార్లు చిత్రించడం, ఫిలింను వెనుకకు నడిపించడం, కనిపించని సన్నని తీగలు వాడడం — ఇవే ఆ కాలపు ఉపకరణాలు. వీటిలో ఏ ఒక్క లెక్క తప్పినా మొదటినుండి మరల తీయవలసిందే. తీసినది సరిగా వచ్చినదో లేదో ఫిలిం కడిగిన తరువాతగాని తెలియదు.

బార్ట్లీ తరువాత మలయాళంలో రాము కరియాత్ దర్శకత్వం వహించిన ‘చెమ్మీన్’కు రంగులలో ఛాయాగ్రహణం చేసినారు. 1965 సంవత్సరపు ఉత్తమ చిత్రంగా అది రాష్ట్రపతి స్వర్ణపతకం పొందినది. దక్షిణ భారతదేశానికి ఆ పతకం రావడం అదే మొదటిసారి.

పైకప్పు క్రింద ఆకాశం

సుబ్రత మిత్రా బార్ట్లీవలె అనుభవం గడించి సినిమాకు వచ్చినవారు కారు. ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ బెంగాలులో ‘ది రివర్’ అనే చిత్రాన్ని తీస్తున్నప్పుడు ఈ యువకుడు ప్రతిదినమూ వెళ్ళి చూచేవారు. ఏ దీపం ఎక్కడ ఉన్నదో, కెమెరా ఎక్కడ ఉన్నదో బొమ్మలు గీసి వ్రాసికొనేవారు. అదే ఆయన కళాశాల. 1952 అక్టోబరులో సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ ప్రారంభించినప్పుడు ఆయనకు ఇరవైరెండేండ్లు నిండీ నిండకుండా ఉన్నవి. అంతకుముందు సినిమా కెమెరాను నడిపియుండలేదు. ఆ చిత్రం 1955లో విడుదలై లోకప్రసిద్ధి పొందినది.

తరువాతి చిత్రం ‘అపరాజితో’ (1956). కథలోని కుటుంబం కాశీలో ఒక పాత ఇంటిలో కాపురముంటుంది. ఇంటి నడుమ వాకిలి, చుట్టూ వసారాలు, గదులు, పైన ఆకాశం. ఇటువంటి మండువా ఇండ్లు మన ప్రాంతంలోను ఉండేవి గనుక ఆ వెలుతురు ఎట్లా ఉంటుందో పెద్దలకు తెలిసియుంటుంది. నడుమ వాకిటిలోనికి ఎండ నేరుగా దిగేది కొద్దిసేపు మాత్రమే. మిగిలిన పగలంతా ఆకాశం నుండి మెత్తని వెలుతురు దిగుతుంది. దానికి ఒక దిక్కు ఉండదు. గట్టి నీడలు ఉండవు.

ఈ ఇంటిని కళాదర్శకుడు బన్సీ చంద్రగుప్త కలకత్తా స్టూడియోలో కట్టవలెనని నిశ్చయించినారు. మిత్రా దానికి మొదట ఒప్పుకొనలేదు. స్టూడియో దీపాలతో ఆకాశపు వెలుతురు సాధ్యపడదని ఆయన వాదం. ఆ వాదంలో న్యాయం ఉన్నది. ఆనాటి పద్ధతి ప్రకారం నటుని చుట్టూ నాలుగైదు బలమైన దీపాలు నిలిపేవారు. ఒక్కొక్క దీపానికి ఒక్కొక్క నీడ. ఒక మనిషికి మూడు నీడలు గోడమీద పడితే అది ఇల్లు కాదు, స్టూడియో అని ఇట్టే తెలిసిపోతుంది.

వాదించి ఊరుకొనక మిత్రా ఒక ఉపాయం ఆలోచించినారు. కట్టిన ఇంటి వాకిలిపైన, ఆకాశం ఉండవలసిన చోట, చట్రానికి తెల్లని గుడ్డను బిగించి కట్టించినారు. దీపాలను నటులవైపు గాక, క్రిందనుండి పైకి, ఆ గుడ్డవైపు త్రిప్పించినారు. వెలుగు గుడ్డమీద పడి, అక్కడ చెదరి, మెత్తగా క్రిందికి దిగినది. ఆ చిత్రంలోని కాశీ ఇల్లు కలకత్తాలో ఉన్నదని ఎవరూ అనుకొనలేదు. 1957లో వెనిస్ చిత్రోత్సవంలో ‘అపరాజితో’కు అత్యున్నతమైన స్వర్ణసింహ బహుమతి లభించినది.

తెల్లగుడ్డ చేసిన పని ఏమిటో చిన్న లెక్కతో గ్రహించవచ్చును. కాంతి పుట్టే చోటు చిన్నదైనచో నీడ అంచు పదునుగా ఉంటుంది. అది విశాలమైనచో పూర్తి నీడకూ పూర్తి వెలుగుకూ నడుమ ఉపచ్ఛాయ విస్తరిస్తుంది. ఒక అడుగు వెడల్పుగల దీపం నేలకు పది అడుగుల ఎత్తున ఉన్నదనుకొందాము. నేలకు ఒక అడుగు ఎత్తున చేయి చాచినచో, దీపం చేతికి తొమ్మిది అడుగుల దూరంలో ఉంటుంది. నేల చేతికి ఒక అడుగు దూరంలో ఉంటుంది. సరూప త్రిభుజాల ప్రకారం ఉపచ్ఛాయ వెడల్పు అడుగులో తొమ్మిదవ వంతు, అంటే సుమారు 1.3 అంగుళాలు. నాలుగంగుళాల అరచేతి నీడ స్పష్టంగానే కనిపిస్తుంది. ఇప్పుడు ఆ దీపం బదులు పది అడుగుల వెడల్పుగల వెలిగే గుడ్డ ఉన్నదనుకొందాము. ఉపచ్ఛాయ పది రెట్లు పెరిగి 13 అంగుళాలు దాటుతుంది. నాలుగంగుళాల చేతి నీడ అందులో కరగిపోతుంది. నీడ లేకపోలేదు, గుర్తుపట్టరానంతగా పలుచబడినది.

దీనికి ఒక మూల్యం చెల్లించవలెను. అద్దం తనమీద పడిన కాంతిని ఒకే దిశకు పంపుతుంది. గుడ్డ అన్ని దిశలకూ పంచుతుంది. అందుచేత కెమెరా ముందున్న నటుని చేరేది కొద్ది భాగమే. దీపాలు ఎక్కువ కావలెను. లేదా కెమెరా రంధ్రాన్ని పెద్దది చేయవలెను. ఈ కష్టానికి ఓర్చి, మిత్రా తరువాత ‘చారులత’ (1964), ‘నాయక్’ (1966) వంటి చిత్రాలలో ఈ మెత్తని వెలుతురునే సాధన చేసినారు. నేడు పెండ్లి ఫోటో తీసేవాడు కూడ తెల్లని గొడుగును దీపం ముందుంచి వాడుతున్నాడు. నేడు సామాన్యమైపోయిన ఆ పద్ధతిని ప్రపంచంలో అందరికన్న ముందుగా చిత్రసీమలో క్రమబద్ధంగా ప్రయోగించినవారిలో మిత్రా ఒకరు.

రెండు అద్దాలు

వి. కె. మూర్తి 1923లో మైసూరులో జన్మించినారు. బెంగుళూరులోని శ్రీ జయచామరాజేంద్ర పాలిటెక్నిక్‌లో 1943 నుండి 1946 వరకు ఛాయాగ్రహణం చదివినారు. వయొలిన్ వాయించడం కూడ నేర్చుకొన్నారు. బొంబాయిలో ప్రసిద్ధుడైన ఫాలీ మిస్త్రీ వద్ద సహాయకుడుగా పనిచేసినారు. గురుదత్ మొదటిసారి దర్శకత్వం వహించిన ‘బాజీ’ (1951)లో సహాయకుడుగా ఉండి, ‘జాల్’ (1952) నుండి ఆయనకు ఛాయాగ్రాహకుడైనారు. ‘ప్యాసా’ (1957) వారి కలయికలో వచ్చినదే.

1959లో వచ్చిన ‘కాగజ్ కే ఫూల్’ మన దేశంలో తీసిన మొదటి సినిమాస్కోప్ చిత్రం. సినిమాస్కోప్ కటకం అడ్డంగా రెండింతల దృశ్యాన్ని ఇరికించి ఫిలిం మీద సన్నగా పడవేస్తుంది. ప్రదర్శించేటప్పుడు మరియొక కటకం దానిని మరల విప్పుతుంది. తెర వెడల్పు ఎత్తుకు రెండు రెట్లకు మించి ఉంటుంది. అంత వెడల్పయిన తెరమీద ఖాళీ స్టూడియోలో ఇద్దరు మనుష్యులు, వారి నడుమ పైనుండి నేలకు దిగే ఒక వెలుగు స్తంభం — ఇది గురుదత్ కోరిన దృశ్యం.

పెద్ద దీపాలు స్టూడియోలో ఉండనే ఉన్నవి. కాని వాటితో మూర్తికి తృప్తి కలుగలేదు. కారణం రేఖాగణితంలో ఉన్నది. దీపం దగ్గరగా ఉంటుంది. దాని కిరణాలు విచ్చుకొంటూ పోతాయి. వెలుగు స్తంభం పైన సన్నగా, క్రింద వెడల్పుగా గరాటువలె కనిపిస్తుంది. దానికి తోడు విలోమ వర్గ నియమం ప్రకారం, దీపానికి 10 అడుగుల దూరంలో ఉన్న వెలుగు 20 అడుగుల దూరంలో నాల్గవ వంతు అవుతుంది. పైన ప్రకాశం, క్రింద మసక. సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అక్కడనుండి వచ్చే కిరణాలు మనకు ఇంచుమించు సమాంతరాలు. స్టూడియో పైకప్పుకూ నేలకూ గల దూరం ఆ 15 కోట్ల కిలోమీటర్ల ముందు లెక్కలోనికి రాదు. అందుచేత సూర్యకిరణ స్తంభం పైనుండి క్రిందివరకు ఒకే మందంతో, ఒకే కాంతితో ఉంటుంది. చూచేవానికి ఈ లెక్క తెలియదు. అయినా గవాక్షంలో నుండి దిగే ఎండను చిన్ననాటినుండి చూచిన కన్ను అసలునూ నకిలీనీ వెంటనే వేరుచేస్తుంది.

మూర్తి సూర్యునే స్టూడియోలోనికి పిలిచినారు. ఒక పెద్ద అద్దాన్ని బయట ఎండలో నిలిపినారు. అది ఎండను లోపలికి, పైకప్పు దగ్గర దీపాలవారు నడిచే పలకలబాట మీద నిలిపిన రెండవ అద్దం మీదికి పంపినది. రెండవ అద్దం దానిని నేలకు దించినది. నునుపైన అద్దం కిరణాలను చెదరనీయదు గనుక, రెండుసార్లు తిరిగినా అవి సమాంతరంగానే ఉన్నవి.

కాంతి తన దారిన తాను పోయేటప్పుడు ప్రక్కనున్నవారికి కనిపించదు. గదిలో పొగగాని ధూళిగాని ఉన్నప్పుడే, ఆ రేణువులు కొంత కాంతిని చెదరగొట్టి మన కంటికి పంపుతాయి. టిండాల్ పరిశీలించిన ఈ ప్రభావం వల్లనే వెలుగు స్తంభం స్తంభమై కనిపిస్తుంది.

సూర్యుడు మాత్రం దర్శకుని ఆజ్ఞకు నిలువడు. భూభ్రమణం వల్ల ఆకాశంలో గంటకు 15 డిగ్రీలు, అనగా నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ జరుగుతాడు. నిలకడగా ఉన్న అద్దంనుండి వెలువడే కిరణం కూడ అంతే జరుగుతుంది. అరవై అడుగుల దారిలో ఒక డిగ్రీ అంటే ఇంచుమించు ఒక అడుగు. నాలుగు నిమిషాలలో వెలుగు నటుని విడిచి అడుగు దూరం పోతుందన్నమాట! అద్దాన్ని కొంచెం కొంచెంగా త్రిప్పుతూ ఉండవలెను. ఎంత త్రిప్పవలెను? అద్దం ఏ కోణంలో తిరిగితే పరావర్తిత కిరణం దానికి రెట్టింపు కోణంలో తిరుగుతుంది. కనుక సూర్యుడు ఒక డిగ్రీ జరిగితే అద్దాన్ని అర డిగ్రీ త్రిప్పితే చాలును. పదవ తరగతి విద్యార్థి నిరూపించగల ఈ నియమం మీద హిందీ చిత్రాలలో చిరస్మరణీయమైన దృశ్యం ఒకటి నిలిచియున్నది.

పేరు వచ్చిన కాలం

‘కాగజ్ కే ఫూల్’ విడుదలైనప్పుడు ప్రజలు ఆదరించలేదు. గురుదత్ తరువాత ఏ చిత్రానికీ దర్శకుడుగా తన పేరు వేసికొనలేదు, 1964లో మరణించినారు. ఆ చిత్రానికి ఛాయాగ్రాహకునికి మాత్రం ఫిలింఫేర్ బహుమతి వచ్చినది. మూర్తి ఆ తరువాత ‘సాహిబ్ బీబీ ఔర్ గులాం’ (1962) చిత్రానికీ ఆ బహుమతి పొందినారు. దూరదర్శన్‌లో 1988లో ప్రసారమైన ‘భారత్ ఏక్ ఖోజ్’, ‘తమస్’ ధారావాహికలకు కూడ కెమెరా పట్టినారు.

దాదాసాహెబ్ ఫాల్కే బహుమానం 1969లో ఏర్పడినది. నటులకు, దర్శకులకు, నిర్మాతలకు, గాయకులకు, సంగీత దర్శకులకు అది లభిస్తూ వచ్చినది. ఛాయాగ్రాహకునికి మొదటిసారి లభించడానికి నాలుగు దశాబ్దాలు పట్టినది. 2008 సంవత్సరపు బహుమానాన్ని మూర్తి అందుకొన్నప్పుడు ఆయన వయస్సు ఎనభైయారేండ్లు. సుబ్రత మిత్రా 1997 నుండి కలకత్తాలోని సత్యజిత్ రాయ్ చలనచిత్ర సంస్థలో విద్యార్థులకు పాఠాలు చెప్పి, 2001 డిసెంబరులో మరణించినారు. ఒకనాడు రెన్వార్ చిత్రీకరణ ప్రక్కన నిలిచి పుస్తకంలో దీపాల బొమ్మలు గీసికొన్న యువకుడు చివరకు ఉపాధ్యాయుడైనాడు.

మిగిలినది, మిగుల్చుకోవలసినది

శిల్పి చెక్కిన శిల శతాబ్దాలు నిలుస్తుంది. ఛాయాగ్రాహకుడు చెక్కిన వెలుగు ఫిలిం ఉన్నన్నాళ్ళే ఉంటుంది. పూర్వపు నైట్రేటు ఫిలిం అగ్గిపుల్లవలె అంటుకొనేది. దాని బదులు వచ్చిన అసిటేటు ఫిలిం వేడికీ తేమకూ విచ్ఛిన్నమై అసిటిక్ ఆమ్లాన్ని వెలువరిస్తుంది. డబ్బా తెరిస్తే పుల్లని వాసన వేస్తుంది, ఫిలిం ముడుచుకొనిపోతుంది. మన దేశపు వేసవీ వర్షకాలమూ రెండూ దానికి శత్రువులే.

‘పథేర్ పాంచాలి’, ‘అపరాజితో’, ‘అపుర్ సంసార్’ చిత్రాల మూల నెగెటివులు 1993లో లండనులోని ఒక ప్రయోగశాలలో జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయినవి. కాలిన చుట్టలను అమెరికాలోని అకాడమీ సంస్థ పారవేయక భద్రపరచినది. ఇరవై ఏండ్ల తరువాత ఇటలీ దేశపు బొలోనా నగరంలో నిపుణులు ఎండి పెళుసెక్కిన ఆ ఫిలింను రసాయనాలతో మెత్తబరచి, మాడిన అంచులను చేతితో సరిచేసి, చిత్రం వెంట చిత్రంగా అంకరూపంలోనికి మార్చినారు. ‘అపరాజితో’ నెగెటివులో అరవై వంతులకు పైగా బ్రతికినది. మిగిలిన భాగాన్ని ఇతర ప్రతులనుండి పూరించినారు. 2015లో ఆ మూడు చిత్రాలు మరల వెలుగు చూచినవి. తెల్లగుడ్డ నుండి దిగిన ఆ మెత్తని వెలుతురు, నిప్పులో పడి కూడ, నేటి విద్యార్థికి దక్కినది.

‘మాయాబజార్’కు మరొక విధమైన పునర్జన్మ కలిగినది. 2010లో దానికి రంగులు వేసి విడుదల చేసినారు. క్రొత్తతరం వారు దానిని ఇష్టంగా చూచినారు. అయినను నలుపు తెలుపుల ప్రతిని కూడ జాగ్రత్తగా కాపాడుకోవలెను. వెన్నెలలో కన్ను రంగులను గుర్తించలేదని పైన చెప్పుకొన్నాము. ఆ పడవ విహారాన్ని నలుపు తెలుపులలో చూచినప్పుడే బార్ట్లీ వేసిన లెక్క పూర్తిగా బోధపడుతుంది.

ఈ మువ్వురి ప్రయోగాలను తరగతిలో చేసి చూపడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. ఒక చేతిదీపం, ఒక తెల్లగుడ్డ, రెండు అద్దాలు, ఒక ఎఱ్ఱని పారదర్శక కాగితం, కొంచెం సుద్దపొడి ఉన్నచో చాలును. దీపాన్ని గోడవైపు చూపి చేతి నీడను చూడమనండి. తరువాత దీపాన్ని గుడ్డవైపు త్రిప్పి మరల చూడమనండి. కిటికీలో పడే ఎండను అద్దంతో నల్లబల్లమీదికి మళ్ళించి, నాలుగు నిమిషాల తరువాత అది ఎక్కడికి జరిగినదో సుద్దతో గుర్తుపెట్టమనండి. ఎఱ్ఱకాగితం గుండా నీలాకాశాన్ని చూడమనండి. ఆ సాయంకాలం విద్యార్థి ఏ చిత్రం చూచినా, నటుని ముఖంతోపాటు ఆ ముఖంమీది వెలుగు ఎటునుండి వస్తున్నదో కూడ గమనిస్తాడు.